సీసా నీటి స్వరం

విజయనగరంలోని ఒక డిగ్రీ కళాశాలలో భౌతికశాస్త్ర అధ్యాపకురాలైన శ్రీమతి ఝాన్సీ, 2014వ సంవత్సరంలో తమ పరిశోధన గ్రంథాన్ని ప్రసవానికి ముందే సమర్పించదలచారు. బిడ్డ పుట్టిన పిమ్మట అట్టి పనికి తీరిక దొరకదని వారెరుగుదురు. ఒక్క ప్రయోగం మాత్రమే శేషించి ఉన్నది.

రామతీర్థం చేరువన, అత్తవారి నువ్వుల చేనిలో, ఆమె నీటిసీసాకు రాగితీగ చుట్టి, బ్యాటరీ నుండి విద్యుత్తు పంపి, హఠాత్తుగా నిలిపేవారు. అప్పుడు నీటిలోని ప్రోటాన్లు భూమి అయస్కాంత బలానికి లోబడి తిరుగుతూ తీగలో సన్నని స్వరం పుట్టిస్తాయి. ఆ స్వరాన్ని బట్టి భూమి బలం ఎంతో లెక్క కట్టవచ్చును. ఎక్కువసేపు వింటే లెక్క సూక్ష్మంగా తేలుతుంది. కాని స్వరం త్వరలోనే క్షీణించి రొద మాత్రమే మిగులుతుంది. అట్టి రొద నడుమ ఎంతసేపు వినుట శ్రేయస్కరమన్నదే ఆమె పరిశోధన విషయం.

అయితే ఆ స్వరం ఉండవలసినంత సేపు నిలువలేదు. చేని మీదుగా పోయే కరెంటు తీగల రొదలో మునిగిపోతున్నదని ఆమె భావించారు.

అక్టోబరులో హుద్‌హుద్ తుపానుకు స్తంభాలు కూలాయి. వాన వెలిసిన వెంటనే ఝాన్సీ చేనికి బయలుదేరగా, అత్తగారైన చిన్నతల్లి వెంట నడిచారు.

"ఊరంతా కరెంటు నేదని ఏడుస్తంటే నువ్వు నవ్వుతన్నావేటే?"

"రొద పోయినాది అత్తా. ఇయ్యాల స్వరం నిలుస్తాది."

రొద నిజంగానే పోయింది. స్వరం మాత్రం ఎప్పటివలెనే అణగిపోయింది. కనుక దోషం కరెంటు తీగలది కాదు. దగ్గరలో ఇనుము ఉంటే సీసాలోని ప్రోటాన్లు తలొక వేగంతో తిరిగి స్వరం చెదిరిపోతుంది. ఝాన్సీ పక్కనున్న తమ సంచిని బోర్లించారు. అడుగున, గుడ్డలో చుట్టిన కొడవలి ముక్క కనబడింది.

"ఇదేటి అత్తా?"

"కడుపుతో ఉన్నదానివి, ఒక్కర్తివీ సేలోకి ఎలతావు. గాలీ దూలీ సోకకండా ఇనుము నేకండా ఎలాగ అంపుతాను?"

"దీని వల్లే గదా నా పనంతా పాడయినాది!"

"నీ నీల్లకి ఇనుము పడదని ముందే సెప్పొచ్చు కదే! పారీమంటే మాత్రం పారీను."

తుదకు ఉభయులకూ సమ్మతమైన ఏర్పాటు కుదిరింది. చిన్నతల్లి ఆ ముక్కను ఒడిలో పెట్టుకొని, కోడలు కనబడేటట్లు గట్టు చివర కూర్చున్నారు. స్వరం నిలిచింది.

పాత కొలతలన్నిటినీ ఝాన్సీ రద్దుపరచారు. రొద లేనప్పటి కొలతలు అప్పుడూ, రొదతో కూడినవి కరెంటు వచ్చిన తరువాతా తీసుకున్నారు. ప్రతి దినమూ చిన్నతల్లి గట్టు మీదనే ఉన్నారు. రద్దుకు కారణం గ్రంథంలో ఉన్నదున్నట్లు వ్రాయగా, పర్యవేక్షకులు ఆ వాక్యం తొలగించమన్నారు. ఆమె తొలగించలేదు.

గ్రంథం డిసెంబరులో సమర్పింపబడింది. జనవరిలో ఆడశిశువు జన్మించింది. కొడవలి ముక్క ఉయ్యాల కిందకు చేరగా, సీసాను ఝాన్సీ ఆ ఇనుముకు దూరంగా పెరటి గదిలోనికి మార్చుకున్నారు.