బరాత్ బండిలో ఒక్క చుక్క

ఆ రోజుల్లో నాకు కూర్చోవడం వచ్చేది కాదు. కుర్చీ ఇస్తే దాని అంచున, మంచం వేస్తే దాని పట్టె మీద, అదీ ఒక కాలు ఊపుతూనే. ఎదుటివాళ్లు మాట మొదలుపెడితే దాని చివర నేనే అందించేవాణ్ని. చాలాసార్లు తప్పుగా అందించేవాణ్ని, అయినా మానేవాణ్ని కాదు. ఆర్మూరులో రైతుల పసుపును కమీషన్ మీద అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో కొత్తగా గుమాస్తాగా చేరాను. రైతు సంచి మూతి విప్పి "సరుకు మంచిగ ఎండింది సారూ, కాకపోతే..." అనేలోపే నేను సంచిలో మోచేతి దాకా చెయ్యి పెట్టేసి, ఆ కాకపోతే ఏమిటో వినకుండానే పక్క కుప్ప దగ్గరికి వెళ్లిపోయేవాణ్ని. మా అవ్వ (నాయనమ్మను మేము అవ్వ అంటాం) ఇంటికి వచ్చినవాళ్లందరికీ నా గురించి ఒకే మాట చెప్పేది: "వీడు కాలుగాలిన పిల్లి తీర్గ తిరుగుతడు. పెండ్లి జేస్తెనన్న ఒక్కకాడ కూసుంటడేమో." పెళ్లి కుదిరాక నేను కూర్చోవడం సంగతి దేవుడెరుగు, పడుకోవడం కూడా మానేశాను. దానికి కారణం పిల్ల కాదు, ఒక కారు.

ఆ కారు మా మేనమామది. హైదరాబాదులో ఎవరో పెద్దింటివాళ్లు షెడ్డులో పడేసిన పాత ఫారిన్ బండిని తెచ్చి, బాగుచేయించి, తెల్ల రంగు వేయించి పెళ్లి ఊరేగింపులకు తిప్పేవాడు. వేల్పూరు నుంచి ధర్పల్లి దాకా అది మోయని పెళ్లికొడుకు లేడని చెప్పుకునేవాడు. ఊళ్లో అందరికీ అది బరాత్ బండి. దానికి రేకు పైకప్పు ఉండదు. నల్లటి గుడ్డ టాపు ఉంటుంది, గొడుగులాగా ఇనుప చువ్వల మీద లేస్తుంది. అక్కర్లేనప్పుడు మడిచేస్తే వెనుక సీటు వీపు వెనకాల తొట్టిలాంటి గూడొకటుంది, అందులోకి దిగిపోతుంది. నేను చూసినన్నాళ్లూ అది ఆ తొట్టిలోనే ఉంది. ఎండాకాలం పెళ్లిళ్లకు పైకప్పుతో పనేముంది? పెళ్లికొడుకు నలుగురికీ కనపడాలనే కదా ఆ బండి తెచ్చుకునేది! కాబట్టి ఆ టాపును లేపి చూసినవాడు ఊళ్లో ఎవడూ లేడు, మామతో సహా.

వేల్పూరుకు పెళ్లిచూపులకు ఆ బండిలోనే వెళ్లాం. (నేను అడిగాను, మామ వద్దన్నాడు, నేను మళ్లీ అడిగాను.) చాయ్‌లు తాగాక పెద్దవాళ్లు మా ఇద్దర్నీ అరుగు మీద కాసేపు మాట్లాడుకోమన్నారు, అంటే అందరూ చెవులు రిక్కించుకుని ఉండగా మాట్లాడుకోమని. నేను గడగడా నా చదువు, నా కొలువు, మా గల్లీ, మా గుట్ట అన్నీ చెప్పేశాను. ఆమె వాకిట్లో నిలబెట్టిన బండినే చూస్తోంది. లోపల పెద్దవాళ్లు ముహూర్తం శ్రావణంలో పెట్టుకుందామని అనుకోవడం వినిపించింది. అప్పుడు ఆమె మొదటిసారి నోరు విప్పింది. "శ్రావణంల అంటే... వానొస్తే గీ బండిల..." అంది. అంతే, నేను అందుకున్నాను. "ఒక్క చుక్క పడదు! నీ మీద ఒక్క చుక్క పడ్డదనుకో, ఆడ్నే బండి ఆపి దిగి మీ ఇంటికి వాపస్ పో. ఎందుకని గూడ అడుగ!" లోపలి నుంచి వాళ్ల మేనత్త "మాటంటే గట్లుండాలె! అందరం విన్నం బిడ్డా!" అని అరిచింది. అందరూ నవ్వారు. ఆమె ఇంకేదో అనబోయి తల వంచుకుంది. నేను దాన్ని సిగ్గు అనుకున్నాను.

ఇంటికొచ్చి టాపు లేపాం. చువ్వలు కిర్రుమన్నాయి. మడతల్లోంచి ఒక ఎలుక కుటుంబం సంసారం సర్దుకుని దిగిపోయింది. గుడ్డ మాత్రం పైకి గట్టిగానే కనిపించింది. "జూసినవా అల్లుడా, ఫారిన్ గుడ్డ! ఇప్పటోళ్లు గిట్ల నేస్తరా?" అని మామ దాన్ని ఆప్యాయంగా తట్టాడు. ఆ సాయంత్రమే వాన పడింది. వెలిశాక తలుపు తీస్తే ముందు సీట్లో నీళ్లు, వెనుక సీట్లో నీళ్లు, స్టీరింగు మీంచి ధారగా నీళ్లు. "బయటకన్న లోపల్నే ఎక్వ కొట్టినట్టున్నది" అన్నాడు మామ. మా అమ్మ మామూలు కారు మాట్లాడుకుందామంది. ఎలా మాట్లాడుకుంటాం? అందరిముందు అన్న మాట అది. నిజంగా దిగి వెళ్లిపోతుందని కాదు (వెళ్లిపోదని ఎవరైనా గట్టిగా చెబితే బాగుండుననీ ఉండేది). ఆ పిల్లకు నేను ఇచ్చిన మొట్టమొదటి మాట, అదే నీళ్లపాలైతే ఇక నా రెండో మాట ఆమె ఎందుకు నమ్మాలి? ఇదే ఆలోచన. అన్నం తింటూ లేచి వెళ్లి టాపు చూసి వచ్చేవాణ్ని. దుకాణంలో ఉన్నవాణ్ని ఉన్నట్టు లేచి, మబ్బు పడితే చాలు, ఇంటికి పరుగెత్తేవాణ్ని.

ఇంతలో నన్ను పెళ్లికొడుకును చేశారు. మా దగ్గర ఆ తంతు అయ్యాక ఒంటికి పసుపు పూసి, వక్కలు కత్తిరించే అడ్కత్తెర చేతికిస్తారు, గాలీ ధూళీ సోకకుండా. అక్కణ్నుంచి పెళ్లిదాకా గడప దాటకూడదు. నాలాంటివాడికి ఇంతకంటే పెద్ద శిక్ష లేదు. నేను లోపల, బండి బయట, మధ్యలో గడప మీద మా అవ్వ. కిటికీ చువ్వలు పట్టుకుని జైల్లోవాడిలా అరిచేవాణ్ని: "మామా, ముందర అద్దం మూల జూడు! గా కుట్టు జూడు!" మామ బిందెతో నీళ్లు పోసేవాడు, తలుపు తీసేవాడు, చెయ్యి పెట్టి తడిమేవాడు. "అంత తడే ఉన్నది అల్లుడా. ఏడికెల్లి వచ్చిందని చెప్తం?" అనేవాడు. నిజమే. నీళ్లు కారడం తెలుస్తోంది గాని, ఎక్కణ్నుంచి దిగుతున్నాయో తెలియడం లేదు. నల్ల గుడ్డ మీద నీళ్ల దారి కనపడదు కదా.

ఉపాయం నాకు స్నానాల పీట మీద తట్టింది. అమ్మ నెత్తిన నీళ్లు పోస్తుంటే, చేతి మీది పసుపులో నీళ్లు పారిన దారి చారచారలుగా కనిపించింది. "మామా! పసుపు!" అని తడిబట్టలతోనే కిటికీ దగ్గరికి పరుగెత్తాను. పసుపు పండే ఊళ్లో పసుపుకు కరువా? ఇంట్లో ఉన్న డబ్బాకు డబ్బా మామ చేతికిచ్చాను. టాపు లోపలివైపు కుట్ల పొడుగునా, అద్దం చుట్టూ, వెనుక తొట్టి అంచుల మీదా దట్టంగా పసుపు అద్దించాను. ఇప్పుడు బయట నీళ్లు పోస్తే, పసుపు ఎక్కడ కరిగి గీత పడితే అక్కడే చిల్లు! అవ్వ ఇదంతా చూసి గడప మీంచే "కారుకు గూడ పెండ్లి జేస్తున్నరా ఏందిరా? దాన్ని గూడ గడప దాటొద్దని చెప్పుండ్రి!" అంది.

కాని ఆ గీతలు లోపల కూర్చున్నవాడికే కనపడతాయి. మామకు దగ్గరి చూపు మందం. నేను చూడాలి, నేనేమో గడప దాటకూడదు. చివరికి మామే బండిని వెనక్కి వెనక్కి తెచ్చి, దాని తలుపు సరిగ్గా మా తలుపుకు ఆనేలా పెట్టాడు. "గడప మీంచి కారులకు అడుగేస్తడు. నేల తొక్కడు. గిది దాటినట్లెక్కనా?" అని అవ్వను అడిగాడు. అవ్వ గడపనూ కారునూ మార్చి మార్చి చూసింది. "అడ్కత్తెర ఇడ్వకపోతె మంచిదే" అని తీర్పు చెప్పింది. అలా ఒంటినిండా పసుపుతో, చేతిలో అడ్కత్తెరతో, పసుపు పూసిన కారులో నేను కూర్చుంటే మామ బయటి నుంచి బిందెలు కుమ్మరించాడు. పసుపు గీతలు ఒక్కొక్కటే దిగాయి. దొరికాయి! ఒకటి అద్దం మూల, ఇంకొకటి ఎలుక కొరికిన కుట్టు దగ్గర. ప్రతి గీత కనపడగానే నేను అడ్కత్తెరతో అద్దం మీద కొట్టేవాణ్ని, మామ బయట సుద్దతో గుర్తు పెట్టేవాడు. సైకిల్ ట్యూబు ముక్కలు కత్తిరించి, పంక్చర్ల జిగురుతో అతికించి, మీద తారు పూశాం. మళ్లీ నీళ్లు. లోపల ఎక్కడా గీత పడలేదు. నేను లోపల్నుంచి కేక వేశాను, మామ బయట బిందె పట్టుకుని గంతేశాడు.

అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. ఆగితే నేనెందుకవుతాను? "కింద జూడు మామా, కిందికి కారుతున్నదా?" అని అడిగాను. మామ వంగి చూసి, "అవునురా! ఎన్క చక్రాలకాడ ధార కడుతున్నది!" అన్నాడు. కిందికి దూరి వెతికితే తొట్టి అడుగున, అటొకటి ఇటొకటి, వేలు పట్టేంత రంధ్రాలు కనిపించాయట. "తుప్పుకు పడ్డయా?" అన్నాను. "లే... మంచిగ గుండ్రంగ ఉన్నయి. తుప్పయితె..." అని మామ ఏదో అనుమానంగా మొదలుపెట్టాడు. "మూసెయ్ మామా, జల్ది మూసెయ్!" అన్నాను. తారు ముద్దలు కూరి మూసేశాడు. మళ్లీ బిందెలకు బిందెలు పోశాం. లోపల చుక్క లేదు, కింద కూడా చుక్క లేదు. పోసిన నీళ్లన్నీ మరి ఎక్కడికి పోయాయని ఇద్దరిలో ఒక్కడికీ అనిపించలేదు.

పెళ్లిరోజు మేమంతా పొద్దున్నే వ్యానులో వేల్పూరు చేరాం. మామ బండిని పూలతో అలంకరించి, లేపిన టాపు దించకుండానే వెనకాలే తెచ్చాడు. దిగుతూనే "ఎన్కకెల్లి గుడగుడ అంటున్నదిరా. పెట్రోలు నిండుగ పోయించిన, అదే కావచ్చు" అన్నాడు. నేను పట్టించుకోలేదు, ఆకాశం చూస్తున్నాను. తాళి కట్టేటప్పుడు కూడా ఒక కన్ను పందిరి సందులోంచి మబ్బుల మీదే ఉంది. భోజనాలు అయ్యేసరికి వాన అందుకుంది, మామూలు వాన కాదు, దంచి కొట్టింది. మమ్మల్నిద్దర్నీ వెనుక సీట్లో కూర్చోబెట్టి అప్పగింతలు చేశారు. వాళ్ల మేనత్త కారు అద్దంలోంచి తల పెట్టి "చుక్క పడితె దిగి రా బిడ్డా, మేం ఈడ్నే ఉంటం" అని మరీ గుర్తు చేసింది.

బండి కదిలింది. టాపు మీద వాన ధడధడలాడుతోంది. నేను అద్దం మూల చూశాను, పొడి. కుట్టు చూశాను, పొడి. ఆమె మొహం చూశాను, మళ్లీ కుట్టు చూశాను. సగం దారి వచ్చేశాం, ఒక్క చుక్క లేదు. పక్కన పిల్ల అద్దంలోంచి వానను చూస్తోంది. ఇక నేను గెలిచినట్టే అని "జూసినవా..." అని మొదలుపెట్టానో లేదో, ఒక బర్రె రోడ్డుకు అడ్డం వచ్చింది. మామ బ్రేకు తొక్కాడు. వెనుక తొట్టిలో బిందెల నీళ్లూ ఆ రోజు వాననీళ్లూ దిగడానికి దారి లేక అంచుదాకా నిండి ఉన్నాయి. ఆ నీళ్లన్నీ, మా పసుపంతా కలుపుకుని, సీటు మీంచి లేచి మా ఇద్దరి నెత్తిన పడ్డాయి.

బర్రె వెళ్లిపోయింది. ఆమె పట్టుచీర, జడలోని పూలు, ముక్కుపుడక దాకా పసుపు నీళ్లు. నా తలపాగాలోంచి మెడలోకి ఇంకా దిగుతున్నాయి. "తలుపు తీయుండ్రి" అంది ఆమె. మామ వెనక్కి తిరగకుండానే "బిడ్డా, జర..." అన్నాడు. ఆమె తనే తలుపు తీసుకుని దిగింది. పొమ్మన్నది నేనే. ఎందుకని అడగనన్నదీ నేనే. వెనుక వ్యాను ఆగింది, అందరూ తొంగి చూస్తున్నారు. ఏడుపొచ్చింది. నిజంగా వచ్చింది.

ఆమె రోడ్డు మీద వానలో నిలబడి, మొహం పైకెత్తి పసుపంతా కడిగేసుకుంది. తర్వాత వంగి నావైపు చూసింది.

"ఇగ గిది మడువుండ్రి" అంది.

"ఏంది?"

"గీ టాపు. పెండ్లిచూపులప్పుడు గదే అడుగుదామనుకున్న. వానొస్తే గీ బండిల టాపు తీసి పోదామా అని. మీరు చెప్పనిస్తె గదా!"

మామ స్టీరింగు మీద తల ఆనించి "గంత తారు పూసినం గదమ్మా!" అన్నాడు, ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియకుండా. ఇద్దరం కలిసి టాపు మడిచాం. జోరు వానలో, పైకప్పు లేని బండిలో, ఊరు ఊరంతా దుకాణాల చూర్ల కింద నిలబడి చూస్తుండగా ఆర్మూరు చేరాం. అవ్వ హారతి పళ్లెంతో ఎదురొచ్చి, మమ్మల్ని ఎగాదిగా చూసి, "లోపలికి రాండ్రి, పిచ్చోళ్లారా" అంది.

మామ ఆ బండిని తర్వాత ఎవరికో ఇచ్చేశాడు. ఇచ్చేముందు ఒక మెకానిక్కు, తొట్టి అడుగు రంధ్రాలు టాపు మీది నీళ్లు కిందికి పోవడానికి కంపెనీవాళ్లే పెట్టినవని చెబితే, మామ ఆ సంగతి నాకు చెప్పడానికి ఇంటిదాకా నడిచొచ్చాడు. ఇప్పుడు మా కారుకు అద్దాలన్నీ మీట నొక్కితే గట్టిగా మూసుకుంటాయి. వాన మొదలైతే ఆమె తనవైపు అద్దం దించుతుంది, సీటు తడుస్తుంది, నేను ఏమీ అనను. కిటికీ చువ్వలు పట్టుకుని అరుస్తున్న ఆ పసుపు పిలగాడు అప్పుడప్పుడూ కళ్లముందు కదులుతాడు. వాడు ఎదురైతే, ఆ తారు డబ్బా పక్కన పెట్టించి, "ఆ పిల్ల ఏమడగబోయిందో ఒక్కసారి కనుక్కోరా" అందామనిపిస్తుంది. ఏం లాభం? నేను నోరు తెరిచేలోపే "ఎరికే, ఎరికే" అనుకుంటూ వెళ్లిపోతాడు.