మంచానికి నాడి చూసిన నర్సు

ఒక ముసలాయన కాలు, నా చదువు ఒక్క పూటలో పోవలసినవి. ఎలా దక్కాయో చెబుతాను. మీరు నవ్వుతారు. నవ్వండి, ఆనాడు వణికింది మీరు కాదు గదా.

అరవైల్లో నెల్లూరులో నర్సింగు చదివేదాన్ని. ప్రాక్టికల్ పరీక్ష తప్పితే బుచ్చిరెడ్డిపాలెం రైసుమిల్లు బావకు ఇచ్చి చేస్తానని మా నాయన ముందే తేల్చి చెప్పాడు. బావ మంచివాడే. కానీ ఆయన గురక మొదలైతే మిల్లు మిషను సిగ్గుపడి ఆగిపోయేది.

పరీక్ష చేయడానికి పైఊరి నుంచి ఒక మేట్రనమ్మ వచ్చింది. ఆమె తెల్లచీర మీద ఒక్క ముడత లేదు, ముఖం మీద ఒక్క నవ్వు లేదు. ఆమె చూస్తే థర్మామీటరులో పాదరసం కిందికి దిగి దాక్కుంటుందని హాస్టల్లో చెప్పుకునేవాళ్ళం.

నాకు పోలయ్య తాతను అప్పగించారు. దొరవారిసత్రం అవతల పులికాట్ ఒడ్డున చేపలు పట్టేవాడు. జ్వరం తగ్గి ఇంటికి పోయేందుకు సిద్ధంగా ఉన్నాడు. గుండె, రక్తనాళాలు పరీక్ష చేయమంది మేట్రనమ్మ. మెడ నరాలు చూశాను. స్టెతస్కోపు పెట్టాను. చెవుల్లో తప్పెట్లు మోగాయి. అవి తాత గుండెవో నావో తేల్చుకునే ధైర్యం లేక గంభీరంగా తల ఊపాను. తాత చేతి నాడి మేట్రనమ్మ తనే పట్టుకుని, నన్ను పాదం నాడి చూడమంది.

నేను వంగగానే తాత హడలిపోయాడు.

"వద్దు తల్లా. చదువుకున్న బిడ్డవి, నా కాళ్ళు ముట్టుకోబాకు. నాకు పాపం."

నా భయంలో ఆ మాట చెవికెక్కితే గదా. కళ్ళు గడియారానికి అతికించి, దుప్పటి కింద చెయ్యి దూర్చి, దొరికినదాన్ని బొటనవేలితో నొక్కిపట్టాను. మూడు వేళ్ళతోనే చూడాలి, బొటనవేలు పెడితే దాని నాడే దానికి తగులుతుంది అని మా టీచరమ్మ చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పింది. భయానికి మొదట ఎగిరిపోయింది ఆ పాఠమే.

"నూట నలభై, మేడమ్."

"చేతికి డెబ్భై, కాలికి నూట నలభైయా? ఈయనకు రెండు గుండెలా?"

నోరు మూసుకోవచ్చు గదా? లేదు.

"పాదం చల్లగా కూడా ఉంది మేడమ్. గట్టిగా, బిర్రుగా ఉంది."

చల్లబడిన కాలంటే రక్తం అందని కాలు. ఆ తర్వాత కోయడమే. మేట్రనమ్మ డాక్టరు గారికి కబురు పరుగెత్తించింది.

"కాలు తీసేస్తారా అమ్మా? ఇంక పడవలో నిలబడేదెట్లా?" అన్నాడు తాత. నేల మీద కూర్చున్న ఆయన భార్య రాగం ఎత్తుకుంది. పక్క మంచాలవాళ్ళు తమ కాళ్ళు తడిమి చూసుకున్నారు.

మేట్రనమ్మ దుప్పటి లాగేసింది.

తాత కాళ్ళు రెండూ కడుపులోకి ముడుచుకుని ఉన్నాయి. నా చేతిలో ఉన్నది మంచం చివరి ఇనప కడ్డీ.

"వదులు" అంది మేట్రనమ్మ. వదలాలనే ఉంది, వేళ్ళు బిగుసుకుపోయాయి.

తాత తన కాలివేళ్ళు ఆడించి చూసుకున్నాడు. ఊపిరి పీల్చుకున్నాడు.

"ఈ బిడ్డను ఫెయిలు చెయ్యబాకండమ్మా. ఇనుముకే ప్రాణం తెప్పించింది, మనుషులను బతికించదా?"

మేట్రనమ్మ గోడవైపు తిరిగింది. వెనకనుంచి భుజాలు మాత్రం కదులుతూ కనిపించాయి. మళ్ళీ ఇటు తిరిగి, సరిగ్గా చూడమంది. ముందు తాత నా తలమీద చెయ్యిపెట్టి దీవించాడు, పాపం చెల్లిపోయిందని నమ్మకం కుదిరాకే పాదం ఇచ్చాడు. మూడు వేళ్ళు పెట్టాను. ఒడ్డున కట్టిన పడవకు అల తగిలినట్టు, నింపాదిగా కొట్టుకుంటోంది నాడి. డెబ్భై. బావ గండం గడిచింది.

అప్పుడే డాక్టరు గారు రొప్పుతూ వచ్చారు. "కాలు చల్లబడిన పేషెంటు ఎవరు?"

మేట్రనమ్మ ముఖంలో గీత కదలలేదు. ఇనప కడ్డీ చూపించింది.

"ఈ మంచం, సార్. నాడి నూట నలభై. ఇప్పుడే కుదుటపడింది."

ఆ క్షణమే నా బొటనవేళ్ళ సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో మంచానికి నాడి చూడను. తప్పనిసరై చూడవలసివస్తే, ముందు దాని దీవెన తీసుకుని, మూడు వేళ్ళతోనే చూస్తాను.