గీక్కుని వెళ్లిన నాలుక

నెలసరికి వారం ముందు నాకు గుండెదడ, ఏడుపు, అందరి మీదా విసుగు. నెలసరి రాగానే అవన్నీ పోతాయి. అప్పుడు అదంతా నా భ్రమేమో అనిపిస్తుంది. అందుకే బాధ ఉన్నప్పుడే చూపించుకుందామని, ఈ రోజు కాలేజీకి సెలవు పెట్టి, గురువారాలు మాత్రమే జహీరాబాద్ వచ్చే చైనా సూదుల వైద్యం (ఆక్యుపంక్చర్) చేసే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను.

ఆమె చాలాసేపు నాడి చూసి, నాలుక చాపమంది.

“పొద్దున గీక్కున్నరా?”

“పండ్లు తోముకున్నంక గీక్కోకుండ ఎట్లుంట, డాక్టరమ్మా?”

“నాలుక మీది పొర చూసే మేం రోగం చెప్తం. మీరు అదంత గీకేసి వచ్చిన్రు. చూడకుండ సూది పెట్టను. వచ్చే బేస్తవారం గీక్కోకుండ రాండ్రి.”

“అప్పటికి నా బాధ పోతది.”

“మంచిదే కదమ్మా.”

బస్టాండు దాకా ఒళ్లు మండిపోయింది. ఇంట్లో నా మాట ఎవరూ నమ్మరు. సాక్ష్యం చెప్పగలిగిన నాలుక మీది పొరను పొద్దున్నే నేనే గీకి పారేశాను. వచ్చే గురువారం పొర ఉంటుంది, బాధ ఉండదు. ఆమె “ఏం లేదమ్మా” అంటే నేనూ నమ్మేస్తానని భయం. మీరైతే మళ్లీ వెళ్తారా?