పన్నెండు పొయ్యిల సుల్తాన్

ఇందులో ప్రతి అక్షరం నిజమని నా కళ్లజోడు మీద ఒట్టేసి చెబుతున్నాను. అది లేకపోతే నాకు బస్సు నంబరు కూడా కనిపించదు. కాబట్టి ఒట్టు తేలికది కాదు.

శుక్రవారం మధ్యాహ్నం రెండున్నరకు ఈ గల్ఫ్ నగరంలోని ఉమ్ ఘువైలినా స్టేషన్లో మెట్రో ఎక్కాను. టికెట్టు రెండు రియాల్లు. సీటు దొరికినా కుదురుగా కూర్చోలేకపోయాను. కారణం రాజయ్య. జగిత్యాల వైపు మనిషి, ఏషియన్ టౌన్ దగ్గరి కార్మికుల క్యాంపులో కొత్తగా వంటగది ఇంచార్జి. పన్నెండు పొయ్యిలు, నూటయాభై మంది. వంతుల కోసం గరిటెలతో కొట్టుకోవడం ఈ సాయంత్రం తనిఖీ నాటికి ఆగకపోతే అతన్ని మళ్లీ ఇనుప చువ్వలు మోసే డ్యూటీకి పంపుతామని మేనేజరు చెప్పాడు. అతని నడుము ఇక చువ్వలు మోయలేదు.

పోయిన వారం ఫోన్ చేసి సలహా అడిగితే ఢిల్లీ సుల్తాన్ బల్బన్ కథ చెప్పాను. ఆయన గద్దెనెక్కేముందు సర్దార్లు రాజును ఆటబొమ్మను చేశారు. దొంగలు అడవిలోంచి నగరం దాకా వచ్చి నీళ్లు మోసేవాళ్లను కూడా దోచేవారు. ఆయన అడవి నరికించి ఠాణాలు పెట్టించాడు. సర్దార్ల మీద వేగులను వేశాడు. దర్బారులో తాను నవ్వలేదు, ఇంకొకరిని నవ్వనివ్వలేదు.

"సమజైందన్నా," అని రాజయ్య ఫోన్ పెట్టేశాడు. అదే నా భయం. నా కథలు విన్నవాళ్లున్నారు గానీ ఆచరించినవాడు ఇంతవరకు లేడు.

మూడుంబావుకు మెట్రో దిగి బస్సెక్కాను. ఆ ఎండకు బస్సు నీడ కూడా బస్సు కిందకే దూరింది. పక్కన ప్రార్థన ముగించుకుని వస్తున్న అమలాపురం ఆయన. "కాలు అలా ఆడిస్తున్నారేంటండీ? బస్సంతా ఊగిపోతోంది," అన్నాడు. విషయం చెప్పాను. "మీ సుల్తాన్‌గారు చేపల పులుసు గిన్నె పట్టుకుని లైన్లో నిలబడలేదు కదండీ. అప్పుడు తెలిసేది రాజ్యం!"

నాలుగింటికి దిగి, ఒక రియాల్ పెట్టి కరక్ చాయ్ తీసుకుని, సగం వదిలేసి క్యాంపుకు నడిచాను.

వంటగదిలో చప్పుడు లేదు. దారికి అడ్డంగా ఉండే గిన్నెల గుట్ట మాయం. అడవి నరికేశాడన్నమాట. గుమ్మంలో రాజయ్య మొహం ఇటుకలా పెట్టుకుని నిలబడ్డాడు. జనం వరసలో ఉన్నారు. మొదటి పొయ్యి మాత్రం ఖాళీ.

అది చూసి వరస దగ్గరికి నడిచాను. ఊరినుంచి చావు కబురు వచ్చినవాడికి ఆ క్యాంపులో మొదటి పొయ్యి వదిలేస్తారు. వాడి ముందు గొంతెత్తరు. ఏమైందని అడగరు.

వరసలో ఉన్న మల్లేశం, రాజయ్య పక్కూరివాడు, నా చెవిలో అన్నాడు: "వారం సంది నవ్వుతలేడన్నా. ఇంట్ల ఎవరో పోయినట్టున్నరు. మేం అడగలే."

మేనేజరు వచ్చి కలయజూశాడు. "మాఫీ ముష్కిల్, ఏ గొడవా లేదు! నువ్వే ఇంచార్జి," అని రాజయ్య భుజం తట్టి వెళ్లిపోయాడు.

వెంటనే మల్లేశం తన కోడికూర గిన్నె తెచ్చి రాజయ్య చేతిలో పెట్టాడు. "తిను బావా. పొద్దటిసంది ఏం తినలే."

ఇటుక పగిలింది. "ఎవ్వలు సావలేదురా! ఈ అన్ననే సుల్తాన్ కథ జెప్పి నవ్వద్దన్నడు!"

పన్నెండు గిన్నెల మూతలూ ఎగిరేలా నవ్వారు. మల్లేశం కూర వెనక్కి లాక్కుని, "అయితే లైన్ల నిలబడు!" అన్నాడు. అయినా వరస చెదరలేదు.

ఆరున్నరకు తిరుగు బస్సు. సుల్తాన్ భయపెట్టి సాధించిన క్రమాన్ని ఈ వంటగది జాలిపడి సాధించిందని రాసి ముగిద్దామనుకున్నాను. కానీ ఒకటి ఒప్పుకోవాలి. మల్లేశం కూర తెచ్చేవరకు జరిగింది జరిగినట్టే రాశాను. రాజయ్య నిజం చెప్పాడన్నదీ అందరూ నవ్వారన్నదీ నా కల్పన. అతను తల దించుకుని గిన్నెంతా తిన్నాడు. నేను బస్సు టైమైందని బయటపడ్డాను.

బస్సులో ఉండగానే ఫోన్ చేశాడు. "అన్నా, మల్లేశం రేపు మా ఇంటికి ఫోన్ జేసి పరామర్శిస్తడట. ఏం జేయాలె? ఆ సుల్తాన్ ఎన్నొద్దులు నవ్వలేదే?"

బతికినన్నాళ్లూ అని చెప్పలేక, సిగ్నల్ లేదని పెట్టేశాను.