కరెంటు ఎప్పుడు పోతుందంటే

ఎల్బీనగర్ చౌరస్తా దాటి సాగర్ రోడ్డులోకి తిరిగాక, ఎడమ చేతి గల్లీలో సీతారాములు మెకానిక్ షెడ్డు. షెడ్డంటే నాలుగు ఇనుప గుంజలు, పైన రేకులు, ముందు పాత టైర్ల వరస. నకిరేకల్ దగ్గరి పల్లె నుంచి వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఉస్తాద్ దగ్గర తిట్లూ దెబ్బలూ తిని పని నేర్చుకుని, సొంతంగా పెట్టుకున్నదది. బండి గల్లీ మలుపు తిరుగుతుండగానే ఇంజన్ చప్పుడు విని రోగం చెప్పేస్తాడని ఆయనకు పేరు. ఆ పేరంటే ప్రాణం. ఎవరైనా కొత్తవాళ్ల ముందు ఆ మాట అంటే, విననట్టు మొహం పెట్టి, మరోసారి అంటారేమోనని అక్కడక్కడే తచ్చాడేవాడు.

అలాంటి మనిషికి సరిగ్గా ఎదురుగా భానుమూర్తి దుకాణం తెరిచాడు. తణుకు వైపు మనిషి, ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను. 'కంప్యూటర్ స్కానింగ్' అని బోర్డు రాయించాడు. స్టీరింగ్ కింద ఒక వైరు గుచ్చి, రెండో కొస తన పెట్టెకు తగిలిస్తే, బండిలో ఏ భాగం మొరాయిస్తోందో తెర మీద కనపడేది.

"స్కానింగంటే దవాఖానల కడుపుతోని ఉన్నోళ్లకు చేస్తరు. బండికేంది?" అని సీతారాములు ఎగతాళి చేశాడు. మొదట్లో గల్లీ అంతా నవ్వింది కూడా. కానీ కొత్త రకం బండ్లు చప్పుడు చేసి బాధ చెప్పుకోవడం మానేశాయి. డ్రైవరు కళ్ల ముందు ఒక పసుపు దీపం వెలిగించి ఊరుకునేవి. ఆ దీపం ఎందుకు వెలిగిందో సీతారాములు చెవికి అందేది కాదు. ఒక్కో బండీ రోడ్డు దాటి అటు పోతుంటే ఆయన వేళ్ల మీద లెక్కపెట్టుకునేవాడు. పోనీ ఆ భానుమూర్తికి పొగరైనా ఉందా అంటే, అదీ లేదు. కనపడితే చాలు, "భోంచేశారాండీ?" అని పలకరిస్తాడు. మనసారా తిట్టుకోవడానికి కూడా సందివ్వని మనిషి.

అంతలో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, ఆఫీసులు మూతపడ్డాయి. సీతారాములు మెడలో గులాబీ కండువా వేసుకుని చౌరస్తాలో వంటావార్పుకు పోయాడు. తెలంగాణ మీద ఆయనకున్న ప్రేమ అబద్ధం కాదు. కాకపోతే ఇంటికొచ్చి, అన్నం ముందు కూర్చుని, మాట తిప్పి తిప్పి ఎదురు దుకాణం దగ్గరికే తెచ్చేవాడు.

"ఆంధ్రోళ్లొచ్చి మన నోటికాడి బువ్వ గుంజుకుంటున్నరు" అన్నాడొక పూట.

ఆయన భార్య అండాలమ్మ గరిట పక్కన పెట్టింది. "తెలంగాణ రావాలె. నేను గూడ నడిరోడ్డు మీద పొయ్యి పెట్టిన. గా లొల్లిల నీ కండ్లమంట కలపకు. గాయన నీ కొలువు గుంజుకున్నడా, నీళ్లు గుంజుకున్నడా?"

"నా బండ్లు గుంజుకున్నడు!"

"అట్ల చెప్పు మరి" అని ఆమె చారు పోసింది.

అన్ని బండ్లూ ఒక ఎత్తు, మట్టయ్య బండి ఒక ఎత్తు. మట్టయ్య సీతారాములు ఊరివాడే. టాక్సీ తోలుకుని బతుకుతాడు. షెడ్డు పెట్టిన రోజు మొదటి కొబ్బరికాయ కొట్టింది అతని బండికే. ఆ వానాకాలం అతని బండిలో ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్ బాక్సులోకి నీళ్లు పోయి పాడైంది. భానుమూర్తి వేరే బాక్సు తెప్పించాడు. దానిలోకి ఈ బండి ప్రోగ్రామ్ ఎక్కించాలట. "అన్నా, నువ్వేమనుకోకు. ఇది కంప్యూటర్ పని" అని మట్టయ్య తల గోక్కుంటూ బండిని అటు నెట్టుకుపోయాడు. సీతారాములు "పో, పో, నాకేంది?" అన్నాడు గానీ, ఆ పూట చేతికందిన స్పానరల్లా నేలకేసి కొట్టాడు.

బొగ్గు గనులు కూడా సమ్మెలో ఉండటంతో కరెంటు కోతలు పెరిగాయి. వాళ్ల గల్లీకి రోజూ రెండింటికి పోయేది. ఒక పొద్దున టీ కొట్టు దగ్గర లైన్‌మన్ చెప్పాడు, ఇవాళ్టి నుంచి పన్నెండుకే తీసేస్తారని. సీతారాములు విన్నాడు. టీ తాగి వచ్చి కూర్చున్నాడో లేదో, భానుమూర్తి రోడ్డు దాటి వచ్చాడు.

"సీతారాములు గారూ, ఇవాళ కరెంటు ఎప్పుడు పోతుందండీ? మట్టయ్య గారి బండికి ప్రోగ్రామ్ ఎక్కిద్దామని. మధ్యలో ఆగిందంటే ఆ బాక్సు ఇక పనికిరాదు. బండి బ్యాటరీ చూస్తే పాతది. ఛార్జరు పెట్టి చేయాలి, నా ఇన్వర్టరు దాన్ని మొయ్యదు."

"రోజూ పోయే టైముకే పోతది. రెండింటికి" అన్నాడు సీతారాములు.

నోరు జారిన మాట కాదది. తెలిసే అన్నాడు. అని, స్టూలు ఎదురు దుకాణం కనపడేలా తిప్పుకుని కూర్చున్నాడు. అవతల వైర్లు బిగించారు, ఛార్జరు పెట్టారు, మట్టయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పన్నెండు కాగానే షెడ్డులో ఫ్యాను ఆగింది. అవతల నుంచి "అయ్యయ్యో!" అని భానుమూర్తి కేక వినపడింది. సీతారాములుకు ముందు కలిగింది సంతోషమే. దాచుకోవాల్సిన పని లేకపోతే లేచి నిలబడేవాడు.

కాసేపటికి మట్టయ్య బండిని మళ్లీ రోడ్డు దాటించి షెడ్డుకు నెట్టుకొచ్చాడు. "బాక్సు పాణం పోయిందంటున్నడు అన్నా. ఇది లేకుంటే నేనెట్ల బతకాలె? నువ్వే చూడు. నీ చెవి మీదనే నాకు నమ్మకం."

ఇన్నాళ్లూ వినాలని తపించిన మాట అది. సీతారాములు బానెట్ ఎత్తి, తాళం తిప్పమన్నాడు. మోటారు తిరిగింది గానీ ఇంజన్ అందుకోలేదు. మళ్లీ తిప్పమన్నాడు. వినడానికి ఇంజన్ నడిస్తే కదా! మట్టయ్య తన మొహంలోకే చూస్తున్నాడని తెలుస్తోంది. తల ఎత్తకుండా, "రేపు పొద్దుగాల రా, చూస్త" అన్నాడు. అన్నాడే గానీ, ఏం చూడాలో తెలియదు. తోటివాడిని ముంచబోయి మట్టయ్యను ముంచానని అప్పుడు తెలిసొచ్చింది.

మర్నాడు మట్టయ్య కంటే ముందే భానుమూర్తి పెట్టె పట్టుకుని షెడ్డులోకి వచ్చాడు. "బాక్సు విప్పి, లోపల నేరుగా వైర్లు తగిలిస్తే ప్రోగ్రామ్ మళ్లీ రాయొచ్చని మా స్నేహితుడు చెప్పాడండీ. మీ షెడ్డులో ఉన్న లారీ బ్యాటరీలు రెండు ఇప్పిస్తారా? కరెంటుతో పనుండదు."

సీతారాములు బ్యాటరీలు తెచ్చి కలిపాడు. ఇద్దరూ ఒకే బెంచీ మీద వంగి పనిచేశారు. మట్టయ్య వచ్చి నిలబడితే, "తప్పు నాదేనండీ. కరెంటును నమ్ముకుని మొదలుపెట్టకూడదు" అన్నాడు భానుమూర్తి. మధ్యాహ్నానికి ఇంజన్ అందుకుంది. మట్టయ్య కళ్లనీళ్లతో వచ్చి పట్టుకున్నది సీతారాములు చేతులు.

"నే చెప్పలే? నువ్వు చెయ్యేస్తే అయితదని!"

ఆ చేతులు విడిపించుకోవడానికి సీతారాములు గ్రీజు గుడ్డ కోసం వెతుక్కున్నాడు.

బండి గల్లీ దాటాక భానుమూర్తి వైర్లు చుట్టుకుంటూ, తల ఎత్తకుండా అన్నాడు. "టైము మారిందని లైన్‌మన్ మీ ఎదురుగానే చెప్పాడటండీ. నిన్న సాయంత్రమే తెలిసింది నాకు. మట్టయ్య గారితో అనలేదు. మీ ఊరి మనిషి, మీరంటే గురి ఆయనకి."

పెట్టె చంకన పెట్టుకుని రోడ్డు దాటి వెళ్లిపోయాడు.

సీతారాములు బెంచీ దగ్గరి బ్యాటరీలు ఒక్కొక్కటీ తీసి పక్కన పెట్టాడు. ఇన్నాళ్లూ ఆ పెట్టె తనకు లేదని కుళ్లుకున్నాడు. పెట్టెదేముంది, చీటీ ఎత్తితే రేపైనా కొనుక్కోవచ్చు. ఇప్పుడు ఆ మనిషినే చూసి కుళ్లు పుట్టింది. ఇదే తప్పు భానుమూర్తి చేసి, తనకు తెలిసి ఉంటే, పొద్దు గూకేలోపు గల్లీ అంతా చాటి ఉండేవాడు. మొదట మట్టయ్యకే చెప్పి ఉండేవాడు.