చిన్నాయన సైకిలుకు గాలి

తార్నాకలో మా ఇంటి వరండాలో ఎవరూ తొక్కని సైకిలు ఒకటి ఉండేది. అది మా చిన్నాయనది. దాని మీదే యూనివర్సిటీకి పోయి చదువుకునేవాడట. చదువు మధ్యలో మిలిటరీలో చేరి, నేను పుట్టకముందే యుద్ధానికి పోయి, మంచుకొండల్లో కనిపించకుండా పోయాడు. శవం దొరకలేదు కాబట్టి కొడుకు బతికే ఉన్నాడని మా నానమ్మ లెక్క. ఆమె ముందు ఎవరైనా "పాపం" అన్నారంటే ఆ పూట వాళ్లకు చాయ్ కూడా దొరికేది కాదు.

సైకిలుకు గాలి కొట్టించే పని తాతది. యూనివర్సిటీ హాస్టల్ మెస్సులో వంట చేసి రిటైరైన మనిషి. సైకిలు నడిపించుకుంటూ చౌరస్తాకు పోతుంటే నేనూ పక్కన నడిచేదాన్ని.

"టైర్లు మెత్తవడొద్దు బిడ్డా. మీ చిన్నాయన వచ్చిండంటే ఎక్కి పోవుడే," అనేవాడు.

నేను నమ్మాను. కాలేజీలో చేరాక కూడా నమ్మాను. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే ఒళ్లు మండుతుంది.

తొంభైల్లో ఒక ఎండాకాలం మిలిటరీ ఆఫీసరు ఒకాయన ఇంటికొచ్చాడు, తెలుగాయనే. కరిగిన మంచులో ఒక శరీరం దొరికిందనీ, మెడలో ఉన్న బిళ్ల మీద చిన్నాయన నంబరు ఉందనీ చెప్పాడు. నానమ్మ బిళ్లను ఖాతరు చేయలేదు.

"బిళ్లదేమున్నది సారూ, ఒకరిది ఒకరు ఏసుకుంటరు. ఎడమకాలు జూసిన్రా?"

ఆయన "రెండు వేళ్లు అతుక్కుని ఉన్నాయమ్మా," అన్నాడు.

పుట్టుకతో వచ్చిన ఆ గుర్తును ఆమె బయటివాళ్లెవరికీ చెప్పలేదు. గోడకు ఆనుకుని కూలబడింది. చప్పుడు లేకుండా అంతసేపు ఏడ్చే మనిషిని నేను అప్పుడే చూశాను.

అంత్యక్రియలు అయ్యాక యూనివర్సిటీలో సంతాపసభ పెట్టారు. ఫొటోకు దండ, మైకు, పెద్ద పెద్ద మాటలు. నాలుగు ముక్కలు మాట్లాడమంటే తాత మైకు పట్టుకుని భోరున ఏడ్చాడు. నానమ్మే లేచి పోయి కొంగుతో ఆయన మొహం తుడిచి, "నేనున్న గదా," అంది.

ఆ ఏడు పెత్రమాస వచ్చింది. చనిపోయిన పెద్దల పేరు మీద అయ్యగారికి బియ్యం ఇచ్చే రోజు. ఎప్పుడూ తాత ఒక్కడే వారాసిగూడ గుడికి పోయి ఇచ్చి వచ్చేవాడు. ఈసారి కొడుకు పేరు చేర్చాలి కాబట్టి తానే వచ్చి తన చేత్తో ఇస్తానని నానమ్మ పట్టుబట్టింది. తాత వద్దన్నాడు, ఎండన్నాడు, మోకాళ్ల నొప్పులన్నాడు. ఆమె వినలేదు. ముగ్గురం పోయాం.

అయ్యగారు తాతను చూడగానే ఏమీ అడగకుండా పేర్లు చదవడం మొదలుపెట్టాడు. తాత తండ్రి, తల్లి, అన్న, వాళ్ల తర్వాత చిన్నాయన.

"ముందుగాల్నే వచ్చి చెప్పిపోయినవా?" అని నానమ్మ తాతను అడిగింది. తాత వంగి బియ్యం మూట విప్పసాగాడు.

అయ్యగారే, "చెప్పుడెందుకమ్మా, ఏటేటా చదివే పేర్లే గదా. నేను ఈ గుడికి వచ్చినకాన్నుంచి మీ చిన్నకొడుకు పేరు మీద పెద్దాయన బియ్యం ఇస్తనే ఉన్నడు," అన్నాడు.

నాకు ముందు సైకిలే కళ్ల ముందుకొచ్చింది. కొడుకు పేరు మీద బియ్యమిచ్చిన చేతులతోనే ఈ మనిషి ఆ టైర్లకు గాలి కొట్టించాడు, నన్ను పక్కన నడిపించుకుని మరీ. నన్నూ నానమ్మనూ పిచ్చివాళ్లను చేశాడు.

"చెప్తే నువ్వు దక్కవనుకున్న," అని తాత గొణిగాడు.

నానమ్మ అరవలేదు. "అయితే ఇన్నేండ్లు నేనొక్కదాన్నే ఎదురుజూసిన్నా?" అంది.

సంగతి అర్థంకాని అయ్యగారు నువ్వులు ఆమె వైపు జరిపి, కొడుకు పేరు చెప్పి నీళ్లు వదలమన్నాడు. ఆమె చెయ్యి చాపలేదు.

"ఆయననే ఇడువుమనుండ్రి. ఆయనకు అలవాటే గదా," అని లేచి, మా ఇద్దరి వైపూ చూడకుండా మెట్లు దిగిపోయింది.