బుధవారం పొద్దుటి మంచు

నిన్న టీవీలో వార్తల చివర సిమ్లాలో మోకాటి లోతు మంచు పడిందనీ, రేపటికి ఆకాశం తేటపడుతుందనీ చెప్పి, కాళ్ళకు పొడవాటి పలకలు కట్టుకుని కొండ మీదినుంచి జారిపోయే జనాన్ని చూపించారు. మా ఇంటాయన చాయ్ తాగుతూ అబ్బ ఎంత బాగుందో అన్నాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. రేపటి మంచు ఎట్లా ఉంటుందో ఎవరో లెక్కగట్టి చెబితే, విని పోయి జారడం కూడా ఒక గొప్పేనా? మన ఈడువాళ్ళు చదివి నవ్వుకుంటే నవ్వుకోండి గానీ, ఆ మంచు నాకు రావలసింది, ఇంకొకతి ఎత్తుకుపోయింది అన్న కడుపుమంట ఈ నలభై ఎనిమిదో ఏట కూడా నాకు చల్లారలేదు.

పోలీస్ యాక్షన్ అయిన మరుసటి సంవత్సరం. నాన్న హఫీజ్‌పేట్ స్టేషన్‌లో టికెట్లిచ్చే గుమాస్తా. నేను రోజూ రైలెక్కి సికింద్రాబాదు బడికి పోయి వచ్చే పన్నెండేళ్ళ పిల్లను, తరగతిలో మొదటిదాన్ని, ఆ సంగతి అందరికీ గుర్తుచేయడం నా బాధ్యత అనుకునేదాన్ని. పెద్దమ్మ కూతురు, మా అక్క, ఖాజాగూడలో ఉండేది. నాకంటే రెండేళ్ళు పెద్ద, నాలుగో తరగతితో చదువు చాలించింది. వాళ్ళ ఇంటి వెనక గుట్టల్లో ఒక పెద్ద జారుడు బండ ఉండేది. ఊళ్ళో పిల్లలంతా తాటిమట్ట మీద కూర్చుని పైనుంచి కిందికి సర్రున జారేవాళ్ళు. నన్ను మాత్రం మా అమ్మ దాని దరిదాపులకు పోనిచ్చేది కాదు. లంగా చినుగుతదే, మల్ల ఎవరు కుట్టాలె అనేది. నేను కూడా, చదువుకునే పిల్లలకు మట్టల మీద జారే పనేమిటని, కింద నిలబడి మొహం తిప్పుకునేదాన్ని. చూపు మాత్రం అటే ఉండేది.

మా మేనమామకు సిమ్లాలో సర్కారు కొలువు. దొరలు వదిలిపోయిన, మంచు మీద జారే పలకలు సంపాదించి, అక్కడివాళ్ళ దగ్గర జారడం నేర్చుకున్నాడు. పిల్లల్లేని ఇల్లు, అత్తమ్మకు చలికాలం తోచదు, మేనకోడళ్ళలో ఒకతిని మూడు నెలలు తీసుకుపోతానని ఉత్తరం రాశాడు. ఎవరినన్నా చిన్నబుచ్చినట్టు ఉండకూడదని ఒక పరీక్ష పెట్టాడు. పోయిన చలికాలంలో తాను రాసి పెట్టుకున్న నాలుగు రోజుల వాతావరణం పంపాడు. సోమవారం గాలితో మంచు. మంగళవారం రోజంతా మంచు, రాత్రికి ఆగింది. బుధవారం తేట ఆకాశం, గాలి లేదు, తెల్లవారుజామున గడ్డకట్టే చలి, తరవాత ఎండ. గురువారం మబ్బు, వెచ్చదనం, కొద్దిగా వాన. పలకలు కట్టుకుని బయల్దేరడానికి ఏ రోజు మంచిది, ఏ పూట మంచిది, ఎందుకు? ఎవరి జవాబు వాళ్ళు కార్డు మీద రాయాలి.

నేను భూగోళం పుస్తకం మొదటినుంచి చివరికి తిరగేశాను. మంచు అనే మాట ఉంది, జారడమనే మాట లేదు. మంగళవారమే అనుకున్నాను, అన్నిటికంటే ఎక్కువ మంచు పడింది ఆ రోజే కదా. ఇంతలో సీతాఫలాల బండి మీద మా అక్క స్టేషన్‌కి వచ్చి తన కార్డు నా చేతిలో పెట్టింది.

“జర పోస్టు డబ్బల ఎయ్యవే. చదువుకుంటే చదువుకో, ఏం ఫికర్ లేదు.”

చదివాను. వంకర అక్షరాలు, కానీ మాట సూటిగా ఉంది. వాన పడేటప్పుడు బండ ఎక్కరు, కండ్లు కనపడవు. పడ్డ మరునాడు బండ మీది గరుసంతా పోయి నున్నగుంటది, అందుకే బుధవారం. మరీ పొద్దుగాల పోతే తడికి కాలు ఆగదు, మోకాళ్ళు పగులుతయి. మధ్యాహ్నమైతే బండ కాగి మట్ట పట్టేస్తది. ఎండ పొడ పడ్డంక, కాగకముందు పోవాలె. మంచు గూడ గట్లనే ఉంటదేమో మామా.

పుస్తకంలో లేనిది దీనికెట్లా తెలిసింది? కార్డు చింపేసే ధైర్యం లేక డబ్బాలో వేశాను. దాన్ని దొంగిలించే తెలివి మాత్రం ఉండబట్టి, అదే సంగతి నా మంచి దస్తూరితో, మంచి తెలుగులో నా కార్డు మీద ఎక్కించాను. అంతటితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను! ఒకరి మాటను దిద్దకుండా ఒప్పుకోవడం నా వంట్లో లేదు. మన ఊళ్ళో చలికాలమంటే ఎండ ఎక్కి ఒళ్ళు కాగేదాకా ఎవరూ బయటికి రారు కదా, సిమ్లా చలిలో పొద్దున్నే వెళ్ళమనడమేమిటి తెలివితక్కువ అని, పూటను మధ్యాహ్నం చేశాను.

మామ జవాబును నాన్న పైకి చదివాడు. ఇద్దరూ బుధవారమే అన్నారు, బండ మాటే చెప్పారు. కానీ మధ్యాహ్నానికి కొత్త మంచు నానబెట్టిన అటుకుల్లా అయి పలకకు అంటుకుంటుంది, మనిషి ముందుకు బోర్లా పడతాడు. చిన్నది ఆ బండ మీద ఎన్నిసార్లు జారిందో అడిగి రాయండి అని ఉంది. నేను నోరు తెరిచేలోపే మా అమ్మ గొప్పగా అంది: “మా పిల్ల ఒక్కసారి గూడ ఎక్కలే, చెప్పుండ్రి!”

మా అక్క సిమ్లా పోయింది. మూడు నెలలకు బుగ్గలు పొట్టు లేచి, ఎర్రటి ఉన్ని టోపీతో వచ్చింది. ఆ టోపీని ఎండాకాలం దాకా తీయలేదు. తరవాత నేను డిగ్రీ చదివాను, నాలుగు సభల్లో మాట్లాడాను, వాదనలో ఎవరికీ ఓడలేదు. ఆ టోపీ ముందు మాత్రం అవేవీ ఆనలేదు.

టీవీ చూశాక రాత్రి నిద్ర పట్టలేదు. ఇవాళ పొద్దున్నే బస్సెక్కి ఖాజాగూడ పోయి, వాకిట్లో కూర్చుని చింతపండు గింజ తీస్తున్న అక్క ముందు, ఆ కార్డు నీది చూసి రాసిందే అని చెప్పేశాను.

“నాకెర్కనే. మామ గప్పుడే చెప్పిండు. గది కాదు, మధ్యాహ్నమని ఎందుకు రాస్తివి పిచ్చిదానా?”

“పొద్దుగాల చలి పెడతది గదా!”

చింతపండు చేతులతోనే నోరు మూసుకుని, ఒళ్ళంతా ఊగిపోయేలా నవ్వింది. మంచు ఎట్లుండెనో ఇప్పటికైనా నిజం చెప్పమన్నాను.

“మంచిగనే ఉండె. గాని మన బండంత జోరు లేదే.”

ఆ మాట విన్నాక నా కడుపుమంట తగ్గాలి కదా, రెండింతలయింది. దానికి మంచూ దక్కింది, బండా దక్కింది. నేను అందని మంచు కోసం ఇన్నేళ్ళు ఏడ్చాను గానీ, ఐదు మైళ్ళ దూరంలో ఉన్న బండ మీద ఒక్కసారి కూర్చున్న పాపాన పోలేదు.

గుట్టల వైపు నుంచి దబ్బుమని చప్పుడొచ్చింది. రాయి కొడుతున్నారట, నగరంలో ఇళ్ళ పునాదులకు రోజూ లారీలు వస్తున్నాయట. ఇంకా సగం బండ ఉంది, మట్ట తెస్త, వస్తవా అని అడిగింది అక్క. యాభై ఏళ్ళది, చీర ఎగదోపి లేచి నిలబడింది కూడా. చీర చినుగుతదే అన్నాను. ఆ గొంతు మా అమ్మదా, నాదా అని నాకే అనుమానం వచ్చింది.

తిరిగొచ్చి ఇది రాస్తుంటే టీవీలో మళ్ళీ వార్తలు. ఎక్కడో కొండల మీద రేపు మంచు ఎంత పడుతుందో, ఎండ ఎప్పుడొస్తుందో ఇంట్లో కూర్చున్న మనకు ముందే చెప్పేస్తున్నారు. రేపటికి ఖాజాగూడ బండ ఎంత మిగులుతుందో మాత్రం ఎవరూ చెప్పరు.